ఫ్రెండ్స్‌తో కలిసి మూడు లక్షల్లో సినిమా: మొదలుపెట్టేముందు ఏం చూసుకోవాలి?

లంక_కుర్రాడు:

అందరికీ నమస్కారం. నాది అమలాపురం దగ్గర ఒక ఊరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఇంజనీరింగ్ రోజుల నుంచి కలిసి షార్ట్ ఫిల్మ్స్ తీసిన బ్యాచ్ ఒకటి ఉంది మాకు. ఇప్పుడు అందరం ఉద్యోగాల్లో పడ్డాం, ఒకడు మాత్రం అమలాపురంలోనే స్టూడియో పెట్టుకుని పెళ్లిళ్లకి వీడియోలు తీస్తున్నాడు. ఈసారి షార్ట్ ఫిల్మ్ వద్దు, గంటా ఇరవై నిమిషాల సినిమానే తీసేద్దాం అని ఫిక్సయ్యాం.

కథ మా ఊళ్లోనే జరుగుతుంది. కువైట్‌లో ఏళ్ల తరబడి ఇంటిపని చేసి తిరిగొచ్చిన ఒకావిడ, ఆవిడ పంపిన డబ్బుతో అన్న కట్టించిన డాబా, ఇప్పుడు ఆ డాబా ఎవరిది అనే గొడవ. మా వైపు ప్రతి వీధిలోనూ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది కాబట్టి కొత్తగా ఊహించి రాసిందేమీ లేదు. ఓ పది పాత్రలు, మూడు నాలుగు ఇళ్లు, ఒక రేవు, కొబ్బరితోట, కొంచెం పొలం. మెయిన్ పాత్రకి మా పిన్నినే అనుకుంటున్నాం. అంగన్‌వాడీ టీచర్ ఆవిడ, మాట చాలా సహజంగా ఉంటుంది, కెమెరా అంటే బెరుకు లేదు.

అందరం కలిపి మూడు లక్షలు పోగేశాం. కెమెరా, లెన్సులు, లైట్లు స్టూడియో వాడివే. సౌండ్‌కి మాత్రం ఏమీ లేదు, తర్వాత డబ్బింగ్ చెప్పించేద్దాంలే అంటున్నాడు వాడు. సంక్రాంతికి ఎలాగూ అందరూ ఊరొస్తారు, ఇంకో వారం సెలవు కలిపితే చాలావరకు అయిపోతుంది, మిగిలింది వీకెండ్లలో లాగించేద్దాం అని ప్లాన్.

‘కేరాఫ్ కంచరపాలెం’ చూసినప్పటి నుంచి ఇది బుర్రలో తిరుగుతోంది, స్టార్లు లేకుండా ఆ ఊరివాళ్లతోనే తీసినప్పుడు మనమెందుకు తీయలేం అని. కానీ నిజం చెప్పాలంటే డబ్బు కంటే ఫ్రెండ్స్ గురించే టెన్షన్‌గా ఉంది. ఇవాళ అందరూ "నేనున్నాను రా" అంటున్నారు, మూడో వీకెండ్‌కి ఎంతమంది ఉంటారో తెలియదు. ఇలా తీసినవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు దేని మీద దృష్టి పెట్టాలో చెప్పండి.

శనివారం_షూట్:

బ్రదర్, ముందు ఆ సంక్రాంతి ప్లాన్ మానేయండి. పండక్కి అందరూ వస్తారన్నది నిజమే, కానీ వచ్చేది మీ సినిమాకి కాదు కదా. కోడిపందేలు, అల్లుళ్లు, చుట్టాలు, ప్రతి వీధిలో మైకు. ఏ ఇంటి ముందు ఫ్రేమ్ పెట్టినా రంగుల ముగ్గు, గొబ్బెమ్మలు కనిపిస్తాయి, మీ కథలో అది పండగ రోజు కాకపోతే ఆ షాట్లు దేనికీ అతకవు. నాలుగు రోజుల తర్వాత అదే గుమ్మం దగ్గర మిగతా సగం సీన్ తీస్తే ముగ్గు మారిపోయి ఉంటుంది.

మేం బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ వీకెండ్లలో ఒక సినిమా పూర్తి చేసి యూట్యూబ్‌లో పెట్టాం, అందుకే చెప్తున్నా: ఇలాంటి సినిమాకి మూడు లక్షలు బడ్జెట్ కాదు, జనాల తేదీలే బడ్జెట్. ఒక కాగితం మీద పది పన్నెండు మంది పేర్లు రాసి, ఎవరు ఏ నెలలో ఎన్ని రోజులు ఇవ్వగలరో అడిగి నింపండి. స్క్రిప్ట్‌ని ఆ కాగితానికి తగ్గట్టు కత్తిరించండి. ఐదు రోజులే ఇవ్వగలిగినవాడికి ఐదు రోజుల పాత్రే రాయాలి. పెద్ద పాత్ర రాసి వాడి కోసం ఎదురు చూస్తూ కూర్చుంటే సినిమా అక్కడే ఆగిపోతుంది, మధ్యలో ఆగిన సినిమాలు మా సర్కిల్‌లో చాలానే చూశాను.

మీకు పంచాంగం కూడా కావాలి, నవ్వకండి. మీ కెమెరామన్ పెళ్లిళ్లు తీస్తాడు అన్నారు, అంటే ముహూర్తాలున్న రోజున వాడు మీకు దొరకడు, దొరకాలని అడగడం కూడా న్యాయం కాదు, అది వాడి తిండి. వాడు ఖాళీగా ఉండేది ఆషాఢంలో, ధనుర్మాసంలో, మూఢం ఉన్నప్పుడు. ఆషాఢం అంటే మీ వైపు వానలు. ధనుర్మాసం, అంటే డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి ముందు దాకా, ఎండ మెత్తగా ఉంటుంది, చెమట పట్టదు, మేకప్ గొడవ తక్కువ. తెల్లవారుజామున గుళ్లో మైకులు ఉంటాయి కాబట్టి ఆ టైమ్‌లో డైలాగ్ లేని షాట్లు పెట్టుకోండి. నా ఓటు డిసెంబర్ ఇరవై నుంచి ఒక వారం. ఐటీ వాళ్లకి క్రిస్మస్ సెలవులు కూడా కలిసొస్తాయి.

అయితే అదే సీజన్‌లో అయ్యప్ప మాల ఒకటుంది. మీ నటుల్లో ఎవరు మాల వేసుకుంటారో ముందే అడగండి. నల్లబట్టలు, గడ్డం, చెప్పుల్లేని కాళ్లతో నలభై ఒక్క రోజులు ఉంటారు, మీ కథలో ఆ పాత్ర బ్యాంకు ఉద్యోగి అయితే ఏం చేస్తారు? తిరుపతి మొక్కులు కూడా అంతే. షూటింగ్ మధ్యలో ఎవరైనా గుండుతో దిగితే వాడి మీద అరిచి లాభం లేదు, ముందు అడగకపోవడం మన తప్పే అవుతుంది.

పొలం సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. సార్వా (వానాకాలం వరి) కోత అయ్యాక ఎండిన మోళ్లు ఉంటాయి, దాళ్వా (రెండో పంట) నాట్లు పడ్డాక మొత్తం నీళ్లు, పచ్చదనం. పొలం కనిపించే సీన్లన్నీ వరసగా రెండు మూడు రోజుల్లో లాగేయండి, "మిగిలింది వచ్చే నెల వీకెండ్‌లో" అనే మాట అక్కడ పనిచేయదు. వీకెండ్లకి ఇంట్లో జరిగే సీన్లు, రాత్రి సీన్లు ఉంచుకోండి.

ఇంకోటి, రిహార్సల్. క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా ‘ఫాలోయింగ్’ 1998లో వచ్చింది. ఉద్యోగాలు చేసుకునే ఫ్రెండ్స్‌తో, ఎక్కువగా శనివారాల్లో, దాదాపు ఏడాది పాటు తీశాడు. పదహారు ఎంఎం ఫిల్మ్ కొనడానికి డబ్బు లేక, నాటకం వేసినట్టు ముందే బాగా రిహార్సల్ చేయించి ఒకటి రెండు టేకుల్లో ముగించేవాడు. మనకి మెమరీ కార్డు ఖర్చు లేదు కాబట్టి పదిహేను టేకులు తీస్తాం, అక్కడ అయిపోయేది కార్డు కాదు, ఎదురుగా నిలబడ్డవాడి ఓపిక. రిహార్సల్స్ వీడియో కాల్‌లో చేసినా సరే, లొకేషన్‌కి వచ్చేసరికి డైలాగ్ నోట్లో ఉండాలి.

బూమ్_పట్టినోడు:

డబ్బింగ్ అన్న మాట చూసి లాగిన్ అయ్యాను.

తమ్ముడూ, డబ్బింగ్ చవక అని మీ స్టూడియో ఫ్రెండ్ ఎలా లెక్కేశాడో తెలియదు. మీ పిన్నిగారు, ఊళ్లో మేస్త్రి, కొట్టు శేషయ్య లాంటివాళ్లు అద్దాల గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, స్క్రీన్ మీద తమ పెదాలు చూసుకుంటూ అదే కోపం మళ్లీ తెచ్చుకోవాలి. అది అలవాటైన నటులకే కష్టం. వేరేవాళ్ల చేత చెప్పిస్తే మీ కోనసీమ యాస పోతుంది, ఆ యాస పోయాక మీ సినిమాలో ఏం మిగులుతుంది చెప్పు? పైగా డబ్బింగ్ చేస్తే మాటలొక్కటే కాదు, అడుగుల చప్పుడు, గిన్నెల చప్పుడు, తలుపు, గాలి అన్నీ మళ్లీ కట్టుకోవాలి. అందుకని లొకేషన్‌లోనే రికార్డ్ చేయండి, సింక్ సౌండ్.

ఖరీదైన సామాను అక్కర్లేదు. వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే వైర్ ఉన్న కాలర్ మైకులు నాలుగు కొనండి, ఒక్కో నటుడి జేబులో ఒక ఫోను పెట్టి, ఏరోప్లేన్ మోడ్‌లో, రికార్డర్ యాప్‌లో 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైల్‌గా రికార్డ్ చేయండి. చీరకి అయితే మైకు కొంగు మడతలో దాచి, గుడ్డ రాపిడి రాకుండా కొంచెం సర్జికల్ టేప్ వేయాలి. డబ్బు మిగిలితే ఒక షాట్‌గన్ మైకు (ఎదురుగా ఉన్న శబ్దాన్నే ఎక్కువగా పట్టేది), దాన్ని నటుల తలల మీదుగా పట్టుకునే బూమ్ కర్ర అద్దెకి తీసుకుని, దాన్ని పట్టుకోవడం ఒక్కటే పనిగా ఒక మనిషిని పెట్టండి. "కెమెరా అసిస్టెంట్ చూసుకుంటాడులే" అంటే ఎవడూ చూసుకోడు. కెమెరాలో కూడా పైలట్ ట్రాక్, అంటే తర్వాత ఆడియో కలపడానికి గుర్తుగా ఉండే మామూలు సౌండ్, రికార్డ్ అవ్వాలి, ప్రతి టేక్ ముందు క్లాప్ కొట్టండి, క్లాప్ బోర్డు లేకపోతే చేతులతో చప్పట్లయినా సరే. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్‌లోనే వేవ్‌ఫామ్ (సౌండ్ గీత) చూసి ఆడియో, వీడియో వాటంతట అవే కలిసిపోతాయి.

ఇక మీ ఊరికి అసలు విలన్ రొయ్యల చెరువులు. నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతుంటే ఆ గుర్రుగుర్రు ఎడిటింగ్‌లో తీయడం నరకం. మీరు అనుకుంటున్న ఇళ్ల దగ్గరికి షూటింగ్‌కి నెల ముందే వెళ్లి, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఐదేసి నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోండి. చెరువులు, బోరు మోటారు, రైస్ మిల్లు, స్కూలు, పక్కింటి కుక్క, ఏది ఎప్పుడు మోగుతుందో రాసుకోండి. చూడ్డానికి ఎంత బాగున్నా, వినడానికి బాగోకపోతే ఆ ఇల్లు వద్దు.

ఇంట్లో తీసేటప్పుడు ఫ్యాన్, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళం అందులో పెట్టండి. ఇది సౌండ్ వాళ్ల పాత అలవాటు. ఇంటికి వెళ్లాలంటే తాళం కావాలి, తాళం కోసం ఫ్రిజ్ తెరుస్తారు, అప్పుడు మళ్లీ ఆన్ చేయడం గుర్తొస్తుంది. లేకపోతే ఆ ఇంటావిడ పాలు విరిగిపోతాయి, మర్నాడు లొకేషన్ పోతుంది. సీన్ అయ్యాక అందర్నీ కదలకుండా నిలబెట్టి ఒక ముప్ఫై సెకన్లు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయడం మర్చిపోకండి, కట్‌కి కట్‌కి మధ్య అదే పూడుస్తుంది.

మీ కెమెరా వాడికి ఒక మాట: మన కరెంటు 50 హెర్ట్జ్, 25 ఫ్రేమ్స్, షట్టర్ 1/50 పెట్టుకోమను, ఊళ్లో ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీ బల్బుల కింద ఫ్లికర్ (వీడియోలో వెలుగు మిణుకుమిణుకుమనడం) బాధ చాలావరకు తప్పుతుంది.

పద్మ_ఏడీ:

పైన ఇద్దరూ మంచి విషయాలు చెప్పారు కానీ ఇద్దరూ పిన్నిగారిని అడగలేదు. నేను కొన్నాళ్లు అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేశాను, చిన్న సినిమాల్లో ఎక్కువ.

ఈ సినిమా మొత్తం ఆవిడ భుజాల మీద ఉంది. ఆవిడ అంగన్‌వాడీ ఉద్యోగి, సెలవులు ఐటీ కుర్రాళ్లలాగా లాప్‌టాప్‌లో క్లిక్ చేస్తే రావు. ఇంట్లో వంట, పిల్లలు, బాబాయిగారు. మీరంతా "పిన్ని ఉందిగా" అనుకుంటున్నారు, ఉదయం ఆరింటికి షాట్ అంటే ఆవిడ నాలుగింటికి లేచి వంట చేసి రావాలి. కాబట్టి ఆ వారం ఆవిడ ఇంటికి కూడా భోజనం ప్రొడక్షన్ నుంచే వెళ్లాలి. ఇది మర్యాద కోసం చెప్పట్లేదు, షెడ్యూల్ కోసం చెప్తున్నా. ఆవిడ రోజులు ముందు రాసుకోండి, మిగతా అందరివీ వాటి చుట్టూ సర్దండి.

ఇంకా సూటిగా చెప్పాలంటే, కథలో ఆవిడ అన్నతో ఆస్తి గొడవ పడుతుంది. మీ ఊళ్లో నిజంగానే ఇలాంటి గొడవ ఉన్న ఇల్లు ఉండే ఉంటుంది, చూసినవాళ్లు "ఇది ఫలానావాళ్ల కథే" అంటారు, రేపు మీరు హైదరాబాద్ బస్సెక్కేస్తారు, ఊళ్లో ఉండేది ఆవిడే. స్క్రిప్ట్ మొత్తం ఆవిడకి చదివి వినిపించండి, ఇది వద్దు అంటే తీసేయండి. కువైట్ నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడండి. మీరు రాసినదానికంటే వాళ్లు చెప్పేదే బావుంటుంది, నా మాట నమ్మండి.

మిగతా అమ్మాయిలు ఎవరైనా ఉంటే: బట్టలు మార్చుకోవడానికి గది, తలుపు గడియ పడే బాత్రూమ్, రాత్రి అయితే ఇంటి దాకా దింపే మనిషి. వాళ్లతో పాటు సెట్‌లో పనిచేసే ఇంకో ఆడమనిషి ఉంటే తల్లిదండ్రులు సగం ఒప్పుకున్నట్టే. కంటిన్యుటీ చూసే పని ఆ మనిషికే ఇవ్వండి. ప్రతి సీన్ చివర ఫోన్‌తో ఫొటోలు తీయాలి, చీర, బొట్టు, గాజులు, జడ, చేతిలో సంచి, వెనక గోడ మీద క్యాలెండర్ తేదీతో సహా.

కంచరపాలెం మాటకొస్తే, ఊరివాళ్లతో తీశారన్నది నిజమే, కానీ దాని వెనక ఒక నిర్మాత ఉన్నారు. అమెరికాలో కార్డియాలజిస్ట్‌గా ఉన్న ప్రవీణ పరుచూరి డబ్బు పెట్టి, అందులో సలీమా పాత్ర కూడా వేశారు. రానా దాన్ని సమర్పించాకే థియేటర్లకి అంతగా వెళ్లింది. మీ స్థాయికి దగ్గరగా చూడాలంటే అస్సామీ సినిమా ‘విలేజ్ రాక్‌స్టార్స్’ చూడండి. రీమా దాస్ తన సొంత ఊళ్లో, ఊరి పిల్లలతో, రాయడం, కెమెరా, ఎడిటింగ్, నిర్మాణం అన్నీ తానే చేసుకుంటూ ఏళ్ల తరబడి తీశారు. 2018లో ప్రకటించిన జాతీయ అవార్డుల్లో ఉత్తమ చిత్రం అదే, ఆ ఏడాది ఆస్కార్‌కి మన దేశం తరఫున వెళ్లిందీ అదే. అక్కడ క్రూ లేదు కాబట్టి ఎవరి తేదీల కోసమూ ఆగలేదు. మీరు పన్నెండు మంది దేనికి? ఆరుగురు సరిపోతారేమో ఆలోచించండి.

లెక్కల_మాస్టారు:

అందరూ ఉత్సాహపరుస్తున్నారు, నేను కొంచెం చల్లనీళ్లు పోస్తాను.

మూడు లక్షల్లో ముందు లక్ష పక్కన పెట్టేయండి, షూటింగ్ అయ్యేదాకా ముట్టుకోకూడదు. అది ఎడిటింగ్, మిక్సింగ్, కలర్, హార్డ్‌డిస్కులు, పోయిన షాట్లు మళ్లీ తీయడం కోసం. చిన్న సినిమాలు షూటింగ్‌లో ఆగేవి కొన్నే, హార్డ్‌డిస్క్‌లో ఉండిపోయేవే ఎక్కువ. హార్డ్‌డిస్కులు రెండు కొనండి, రోజూ రాత్రి రెండింట్లోకీ కాపీ చేయండి, రెండూ ఒకే ఇంట్లో ఉంచొద్దు.

తిండికి లెక్క: మనిషికి టిఫిను, రెండు భోజనాలు, టీలు కలిపి మూడొందలు అనుకుంటే పన్నెండు మందికి రోజుకి 3,600. ఇరవై రోజులకి 72,000. దీంట్లో పొదుపు చేయాలని చూడకండి. జీతం లేకుండా వచ్చినవాడికి మధ్యాహ్నం రెండైనా అన్నం రాకపోతే సాయంత్రం వాడు కొత్త సాకు వెతుక్కుంటాడు.

కాగితం. "మన మధ్య కాగితమేంటి రా" అనేవాడితోనే ముందు రాయించుకోండి. ఒక పేజీ చాలు: ఎవరు ఎంత పెట్టారు, డబ్బొస్తే ముందు పెట్టుబడి వెనక్కి, ఆ తర్వాత ఎవరికెంత వాటా, పేర్లు టైటిల్స్‌లో ఎలా పడతాయి, సినిమా హక్కులు ఎవరి పేరున. నటులందరి దగ్గరా, ఇళ్లవాళ్ల దగ్గరా సంతకాలు తీసుకోండి. రేపు ఏ ఓటీటీ వాళ్లకి చూపించినా మొదట అడిగేవి ఈ కాగితాలే. ఒకరోజు కూడా సెట్‌కి రానివాడు డబ్బు పెట్టాను కదా అని క్లైమాక్స్ మార్చమంటే ఏం చేస్తారో కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. ఫైనల్ మాట ఒక్కరిదే అని రాసుకుంటే స్నేహం మిగులుతుంది.

వెనకాల టీవీలో, ఆటోలో సినిమా పాట వినిపించిందంటే యూట్యూబ్‌లో కాపీరైట్ పాటల్ని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ పట్టేస్తుంది, అందుకని షూటింగ్‌లో వీధిలో పాటలు ఆపించండి. మ్యూజిక్ కూడా తెలిసినవాళ్లెవరైనా సొంతంగా చేసిందే వాడండి, అది కూడా కాగితం మీదే. యూట్యూబ్‌కి సెన్సార్ అక్కర్లేదు, థియేటర్‌లో వేయాలంటే మాత్రం సర్టిఫికెట్ ఉండాల్సిందే, దానికీ పబ్లిసిటీకీ అయ్యే ఖర్చు మీ మూడు లక్షల్లో లేదు. కాబట్టి థియేటర్ అన్న మాట ఫ్రెండ్స్ దగ్గర ఎత్తకండి, లేని ఆశ పెట్టినట్టవుతుంది.

నన్నడిగితే గంటా ఇరవై కూడా వద్దు, నలభై నిమిషాలు తీయండి. వినరని తెలుసు.

లంక_కుర్రాడు:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి కాల్‌లో ఇదంతా మావాళ్లకి చదివి వినిపించాను. సంక్రాంతి క్యాన్సిల్, డిసెంబర్ చివరి వారం ఖాయం. కాగితం మాట ఎత్తగానే ఒకడు అలిగాడు, అయినా రాస్తున్నాం. ఇద్దరు మాల వేసుకుంటారట! వాళ్లలో ఒకడు అన్న పాత్ర, అందుకని ఆ పాత్రకే మాల వేసేద్దామా అని ఆలోచిస్తున్నాం, దీక్షలో ఉన్నవాడు చెల్లెలితో ఆస్తి గొడవ పడటం కథకి ఇంకా బాగుంటుందనిపిస్తోంది. మాల వేసుకున్నవాణ్ణే అడగాలి ముందు. నలభై నిమిషాలకి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు మాస్టారూ, సారీ. పిన్నికి ఈ ఆదివారం స్క్రిప్ట్ చదివి వినిపిస్తున్నా.

ఇంకొక్క డౌట్. ఆవిడ ఊళ్లోకి వచ్చే మొదటి సీన్ గోదావరి దాటే పంటు మీద. దానికి పర్మిషన్ ఎవరిని అడగాలి? పైనుంచి ఒక డ్రోన్ షాట్ కూడా ఉంది.

శనివారం_షూట్:

పంటు నడిపేది రేవు పాటదారు, ముందు ఆయన్ని కలవండి, జనం తక్కువగా ఉండే మధ్యాహ్నం ఒక ట్రిప్పుకి ఎంతవుతుందో అడిగి మొత్తం మీరే కట్టేయండి. టికెట్ జనం మధ్య తీస్తే అందరూ కెమెరాలోకే చూస్తారు. లైఫ్ జాకెట్లు షాట్‌లో కనపడేవాళ్లకి తప్ప అందరికీ ఉండాలి, షాట్‌లో కనపడేవాళ్లకి కూడా పక్కనే అందేలా పెట్టండి. ఊరి స్టేషన్‌లో, పంచాయతీలో ఒక ఉత్తరం ఇచ్చి నకలు మీద సంతకం తీసుకుంటే మధ్యలో ఎవరొచ్చి అడిగినా చూపించొచ్చు.

డ్రోన్‌కి ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో మీ రేవు ఏ జోన్‌లో ఉందో చూడండి. గ్రీన్ జోన్‌లో నాలుగొందల అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు, మిగతా జోన్లలో కావాలి. మీ కోనసీమలో ఓఎన్‌జీసీ బావులు, ప్లాంట్లు ఉన్నాయి కాబట్టి మ్యాప్ చూడకుండా లేపొద్దు. అయినా ఆ షాట్ పంటు మీద ఆవిడ పక్కన నిలబడి తీస్తే సరిపోదా? సూట్‌కేసు, ఆవిడ చెయ్యి, దగ్గరవుతున్న గట్టు. డ్రోన్ అద్దె డబ్బు కాలర్ మైకులకి పనికొస్తుంది.